‘ఉదాహరణే కదా’ అన్న వాదన నిలవదు

ప్రోగ్రామింగ్ పాఠాలు రాసేవారిలోనూ, తరగతుల్లో చెప్పేవారిలోనూ ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. పాఠంలో అసలైనది భావన, దాన్ని చూపించడానికి చేతికందిన సామగ్రి ఉదాహరణ అన్నది ఆ అభిప్రాయం. లూప్ నేర్పడానికి ఏ జాబితా తీసుకుంటేనేం? గ్రాఫ్ గీయడానికి ఏ లెక్కలు వాడితేనేం? లాగిన్ పేజీ చూపించడానికి పాస్‌వర్డ్ ఎలా దాస్తేనేం? విద్యార్థికి లాజిక్ పట్టుబడితే చాలు, మిగతాదంతా ఎలాగూ మరిచిపోతాడు అంటారు.

ఈ మాట అనేవాళ్లలో చాలామంది ఓపికగా, నిజాయితీగా పాఠం చెప్పేవాళ్లే. వాళ్ల లెక్క వాళ్లకుంది. కొత్తగా నేర్చుకునే బుర్ర ఒకేసారి నాలుగు విషయాలు మోయలేదు కాబట్టి భద్రత, వైకల్యమున్నవారికి అందుబాటు లాంటివి పక్కన పెట్టి ఒక్క భావనే చూపాలి. ఏళ్ల తరబడి అందరూ వాడుతున్న డేటా, బొమ్మలు తీసుకుంటే ఫలితాలు పోల్చుకోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాలు, అమెరికా పేర్లు ఎలాగూ అందరికీ తెలిసినవే. పైగా ట్యుటోరియల్ రాసేవాళ్లు ఎందరో ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు కూర్చుని ఉచితంగా రాస్తున్నారు. ప్రతి ఉదాహరణనూ పది ప్రశ్నలతో వడగడితే రాయడమే మానేస్తారు.

పద్దు పద్దుగా తీసి చూస్తే ఈ లెక్కలో ఏదీ సరిపోదు.

1. ‘నమూనాను ఎవరూ నిజంగా వాడరు’

కంప్యూటర్లు రాకముందే ఈ నమ్మకం అబద్ధమని తేలిపోయింది. 1938లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, లాక్‌పోర్ట్ పట్టణంలో ఒక పర్సుల కంపెనీ, తమ పర్సులో సోషల్ సెక్యూరిటీ కార్డు ఎంత చక్కగా ఇముడుతుందో చూపడానికి ఒక్కో పర్సులో ఒక నమూనా కార్డు పెట్టింది. కంపెనీ అధికారి ఒకరు దాని మీద తన సెక్రటరీ అసలు నంబరే వేయించాడు. ఆ కార్డు అసలు కార్డులో సగమే ఉండేది. ఎర్ర సిరాతో అచ్చయింది. నమూనా అన్న మాట దాని మీద స్పష్టంగా రాసి ఉంది. అయినా పర్సు కొన్నవాళ్లు వేల సంఖ్యలో ఆ నంబరును తమదిగా రాసుకున్నారు. 1943లో 5,755 మంది దాన్ని వాడుతున్నారు. అన్నేళ్లలో కలిపి 40,000 మందికి పైగా దాన్ని తమ నంబరుగా చూపించారు. 1977లో కూడా 12 మంది వాడుతూనే ఉన్నారు. ఆ నంబరును రద్దు చేసి ఆ సెక్రటరీకి కొత్తది ఇవ్వాల్సి వచ్చింది.

ఇందులో తప్పు కొన్నవాళ్లదే అనవచ్చు. కానీ ఒకే తప్పు వేలమంది చేస్తే, ఆ తప్పుకు దారి వేసిన నమూనాను వదిలి చేసినవాళ్లను తప్పుపట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే జరిగింది. హైదరాబాద్ అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్నవాళ్లకు ‘ఎంప్’, ‘డెప్ట్’ టేబుళ్లు కొట్టినపిండి. పద్నాలుగు మంది ఉద్యోగులు, ప్రెసిడెంట్ కింగ్‌కు 5,000 జీతం, ఆఫీసులు న్యూయార్క్, డాలస్, షికాగో, బోస్టన్‌లలో. ఆ టేబుళ్లున్న ఖాతా పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. ఒరాకిల్ తొలినాళ్ల ఉద్యోగి బ్రూస్ స్కాట్ పేరు, ఆయన పిల్లి పేరు కలిసి ఆ జంట పుట్టింది. సాధన కోసం ఇచ్చిన ఆ ఖాతా నిజమైన వ్యాపార సర్వర్లలోనూ తీసేయకుండా మిగిలిపోయేది. 2005లో బయటికొచ్చిన ఒరాకిల్ వాయేజర్ అనే వార్మ్, పక్క డేటాబేసుల్లోకి చొరబడటానికి ప్రయత్నించే పాస్‌వర్డుల జాబితాలో స్కాట్, టైగర్ ఉన్నాయి.

అలా మిగిలిపోయినది ఒక్క ఖాతా. పాఠంలోని కోడే వలస వెళ్లిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. 2017లో ఒక పరిశోధక బృందం పేరున్న పీహెచ్‌పీ ట్యుటోరియళ్లలోని లోపభూయిష్టమైన కోడ్ ముక్కలను తీసుకుని, గిట్‌హబ్‌లోని 64,415 పీహెచ్‌పీ ప్రాజెక్టుల్లో వాటి పోలికల కోసం వెతికింది. ట్యుటోరియల్ కోడ్‌ను గట్టిగా పోలిన 117 భద్రతా లోపాలు దొరికాయి. వాటిలో ఎనిమిది ఒకే ఒక్క ట్యుటోరియల్ నుంచి ఎత్తి రాసుకున్నవి. అదే ఏడాది మరో బృందం 13 లక్షల ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించింది. స్టాక్ ఓవర్‌ఫ్లో జవాబుల్లోని భద్రతకు సంబంధించిన కోడ్ 15.4 శాతం యాప్‌లలో కనిపించింది. అలా తెచ్చుకున్న యాప్‌లలో 97.9 శాతంలో కనీసం ఒక్క ముక్కైనా సురక్షితం కానిదే.

ఇప్పుడు కోడ్‌ను ఎత్తి రాసేది మనిషి ఒక్కడే కాదు. కృత్రిమ మేధ సహాయకులు బహిరంగంగా ఉన్న కోడ్ చదివి నేర్చుకుంటాయి. 2021లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు గిట్‌హబ్ కోపైలట్ చేత 1,689 ప్రోగ్రాములు రాయించి చూస్తే దాదాపు 40 శాతంలో లోపాలు తేలాయి. వడపోత లేని బహిరంగ కోడ్ మీద అది నేర్చుకోవడాన్ని వాళ్లు ఒక కారణంగా ఎత్తిచూపారు. ట్యుటోరియల్ రచయిత ఒకసారి రాసిన అజాగ్రత్త, ఆ పేజీని ఎన్నడూ తెరవని ప్రోగ్రామర్ చేతికి కూడా చేరే రోజులివి. ‘ఎవరూ వాడరు’ అన్న ఆసరా దీంతో పూర్తిగా పోయింది.

2. ‘భద్రత, అందుబాటు తర్వాత నేర్చుకుంటారు’

ఈ వాదనలో ‘తర్వాత’ అన్నది ఎప్పుడో ఎవరూ చెప్పరు. ఆ తర్వాతి పాఠం చాలామందికి అందదు. పరీక్ష అయిపోతుంది, ఉద్యోగం వస్తుంది, మొదటిసారి పని చేసిన కోడే చేతికి అలవాటైపోతుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2017లో జర్మనీలోని బాన్ యూనివర్సిటీ పరిశోధకులు 20 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు రిజిస్ట్రేషన్ పేజీలో పాస్‌వర్డ్ దాచే పని అప్పగించారు. సగం మందికి భద్రంగా దాచాలని ముందే చెప్పారు, సగం మందికి చెప్పలేదు. చెప్పని పదిమందిలో ఒక్కరు కూడా పాస్‌వర్డ్‌ను సురక్షితంగా దాచలేదు. వాళ్లు మొదటిరోజు విద్యార్థులు కారు. ‘తర్వాత’ ఎప్పుడో గడిచిపోయినవాళ్లు.

భద్రత చేర్చితే భావన కనుమరుగవుతుందన్నది ఈ వాదనలో రెండో సగం. ఎస్‌క్యూఎల్ పాఠమే తీసుకుంటే, వాడుకరి టైప్ చేసిన పేరును కొటేషన్ల మధ్య అతికించి డేటాబేసును అడిగే ప్రశ్న (క్వెరీ) తయారు చేయడం ఒక పద్ధతి. పేరు రావాల్సిన చోట ప్రశ్న గుర్తు పెట్టి, విలువను విడిగా పంపడం మరో పద్ధతి. రెండోదానికి అదనంగా పట్టేది ఒకటి రెండు వరుసలు. కొటేషన్ల లోపల కొటేషన్లు, వాటి మధ్య కూడిక గుర్తులు లేకపోవడం వల్ల అది చదవడానికి మరింత తేలిక కూడా. మొదటి పద్ధతి పాఠాల్లో మిగిలిపోవడానికి సరళత కారణం కాదు, పాత పాఠాన్ని చూసి కొత్త పాఠం రాసే అలవాటే కారణం.

వెబ్ పాఠాలదీ ఇదే దారి. బొమ్మ పెట్టడం నేర్పుతూ దానికి ప్రత్యామ్నాయ వర్ణన రాయరు. ఫారం నేర్పుతూ గడికి లేబుల్ కట్టరు. బటన్ కావాల్సిన చోట మామూలు పెట్టె పెట్టి, క్లిక్ చేస్తే పని చేసేట్టు రాస్తారు. మౌస్ పట్టుకున్నవాడికి తేడా తెలియదు. కీబోర్డుతోనో, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తోనో పని చేసుకునేవారికి అక్కడ బటన్ ఉన్నట్టే తెలియదు. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో అందుబాటు ప్రమాణాల ఉల్లంఘనలు కనిపించాయి. 54.5 శాతం పేజీల్లో ఏదో ఒక బొమ్మకు వర్ణన లేదు. 48.6 శాతంలో ఏదో ఒక గడికి లేబుల్ లేదు. ఇవి పెద్ద చదువులు కావాల్సిన విషయాలు కావు. హెచ్‌టీఎంఎల్ తొలి వారంలో నేర్పే ట్యాగులు, ఆ వారంలోనే చేయాల్సిన అలవాట్లు.

ఈ లోటు మనుషుల జీవితాల్లో ఎక్కడ తేలుతుందో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించింది. బ్యాంకు ఖాతాకో, సిమ్ కార్డుకో డిజిటల్ కేవైసీ చేయాలంటే కెమెరా ముందు కన్ను ఆర్పాలని యాప్ అడుగుతుంది. యాసిడ్ దాడిలో కనురెప్పలు పోయినవారు ఆర్పలేరు. చూపు లేనివారికి ముఖాన్ని చట్రంలోకి తెచ్చుకోవడం సాధ్యం కాదు. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు జారీ చేసింది. ఆ యాప్‌లు రాసిన ఇంజినీర్లు ఎవరినీ బయట ఉంచాలని కోరుకుని ఉండరు. కన్ను ఆర్పలేని వాడుకరి ఒకరుంటారన్న ఊహే వారి ముందుకు రాలేదు. వాడుకరి అంటే ఎవరన్న ఊహ పుట్టేది ఉదాహరణల్లోనే.

ట్యుటోరియల్ రూపం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కోడ్‌ను స్క్రీన్‌షాట్‌గా పెట్టే పాఠాలు కోకొల్లలు. చూపు లేని విద్యార్థికి అది చదవడానికి వీల్లేని బొమ్మ. పుణెలో పెరిగి, చిన్నతనంలోనే చూపు కోల్పోయిన టి.వి. రామన్ 1990లలోనే ఈమాక్స్‌పీక్ రాసి, కోడ్‌ను గొంతుతో వినిపించే ఏర్పాటు చేశారు. ఆ సౌకర్యం ముప్పై ఏళ్లుగా ఉంది. దాని నోరు కట్టేస్తున్నది అక్షరాలను బొమ్మలుగా మార్చే రచయితలు.

3. ‘డేటా తటస్థం, అవి ఉత్త సంఖ్యలు’

మెషీన్ లెర్నింగ్ నేర్చుకున్నవాళ్లలో బోస్టన్ ఇళ్ల ధరల డేటా చేత్తో పట్టనివాళ్లు అరుదు. 506 వరుసలు. ఒక్కో వరుస బోస్టన్ ప్రాంతంలోని ఒక జనగణన విభాగం. గదుల సంఖ్య, నేరాల రేటు, పన్ను వగైరాలు ఇచ్చి ఇంటి ధర అంచనా వేయమంటారు. సైకిట్-లెర్న్ లైబ్రరీలో ఒక్క వరుసతో అది తెరుచుకునేది కాబట్టి లెక్కలేనన్ని పాఠాలకు అదే ముడిసరుకైంది.

అందులో ‘బి’ అనే కాలమ్ ఒకటుంది. ఆ విభాగంలో నల్లజాతివారి నిష్పత్తి నుంచి 0.63 తీసేసి, వర్గం చేసి, 1,000తో గుణించగా వచ్చిన సంఖ్య అది. ఈ డేటా 1978లో హారిసన్, రూబిన్‌ఫెల్డ్ రాసిన పరిశోధన పత్రంలోనిది. స్వచ్ఛమైన గాలి కోసం జనం ఎంత చెల్లిస్తారో లెక్కగట్టడం వాళ్ల ఉద్దేశం. నల్లవారి సంఖ్య ఒక మేరకు పెరిగితే ఇళ్ల ధరలు పడిపోతాయని, బాగా ఎక్కువైతే మళ్లీ పెరుగుతాయని ఊహించి ఆ సూత్రం అల్లారు. అంటే విద్యార్థి చేతికి వచ్చేది కొలిచిన వాస్తవం కాదు, జాతి విభజన గురించిన ఒక ఊహను ముందే కలిపి వండిన అంకె. దాన్ని వెనక్కి విప్పడం కూడా సాధ్యం కాదు. నల్లవారు 53 శాతం ఉన్న విభాగానికీ, 73 శాతం ఉన్న విభాగానికీ ‘బి’ విలువ ఒకటే, 10.

తటస్థమని చెప్పే ఆ అంకెతో విద్యార్థి ఏం నేర్చుకుంటాడు? కాలమ్ పేరు చూడకుండా, దాని అర్థం అడగకుండా మోడల్‌లో పోసి, ఖచ్చితత్వం పెరిగితే సంతోషించడం నేర్చుకుంటాడు. రేపు రుణం ఇవ్వాలా వద్దా అని తేల్చే మోడల్ కట్టేటప్పుడు, కులాన్నో ఊరినో దొడ్డిదారిన చెప్పే కాలమ్ ఎదురైతే అతని చేయి ఆగదు. ఈ ఉదాహరణ ఆ పాఠాన్ని కూడా నేర్పేసింది, రచయిత ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా.

సైకిట్-లెర్న్ బృందం 2021లో 1.0 వెర్షన్‌తో హెచ్చరిక జారీ చేసి, 2022లో 1.2 వెర్షన్ నుంచి ఆ డేటాను తీసేసింది. డేటాలోని నైతిక సమస్యల గురించి బోధించడానికైతే తప్ప దాన్ని వాడొద్దని గట్టిగా చెప్పింది. చరిత్రను చెరిపేస్తున్నారన్న అభ్యంతరానికి జవాబు ఆ మినహాయింపులోనే ఉంది. ‘బి’ కాలమ్‌ను విప్పి చూపే పాఠానికి ఈ డేటా పనికొస్తుంది. దాన్ని దాచి రిగ్రెషన్ నేర్పే పాఠానికి పనికిరాదు.

4. ‘అందరూ వాడేదే, పోలికకు అదే కావాలి’

సంప్రదాయం పేరు చెప్పే ఈ వాదనకు లెనా బొమ్మను మించిన పరీక్ష లేదు. 1973లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలోని ఇమేజ్ ప్రాసెసింగ్ పరిశోధకులకు ఒక కొత్త బొమ్మ కావాల్సి వచ్చింది. అప్పుడే ఎవరో తెచ్చిన ప్లేబాయ్ 1972 నవంబర్ సంచికలోని నగ్న చిత్రంలో పైభాగాన్ని, భుజాల వరకు కత్తిరించి స్కాన్ చేశారు. 512 గళ్ల నిలువు, 512 గళ్ల అడ్డం ఉన్న ఆ చదరపు బొమ్మ నాలుగు దశాబ్దాలకు పైగా కంప్రెషన్ నుంచి అంచుల గుర్తింపు వరకు ప్రతి పాఠంలోనూ పరీక్ష బొమ్మ అయింది.

సమర్థకుల సాంకేతిక వాదన నిజమే. అందులో టోపీ ఈకల సూక్ష్మ వివరాలు, నున్నటి చర్మం, నీడలు, సమతల భాగాలు అన్నీ ఉన్నాయి. అయితే ఆ లక్షణాలున్న ఛాయాచిత్రాలు లోకంలో కోట్లున్నాయి. ఇదొక్కటే ఎందుకు నిలిచింది? ఐఈఈఈ ఇమేజ్ ప్రాసెసింగ్ పత్రిక సంపాదకుడు డేవిడ్ మున్సన్ 1996లోనే తన సంపాదకీయంలో సూటిగా చెప్పారు. ఎక్కువగా మగవారే ఉన్న పరిశోధక లోకం ఒక అందమైన స్త్రీ బొమ్మ వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదన్నారు. పోలిక అవసరమన్న సాకు వెనక ఈ కారణం కూడా ఉందని ఆ రంగానికి పాతికేళ్ల ముందే తెలుసు.

ఇమేజ్ ప్రాసెసింగ్ తరగతిలో కూర్చున్న అమ్మాయికి ఆ బొమ్మ ఎక్కడిదో ఎవరో ఒకరు నవ్వుతూ చెప్పకమానరు. తరగతి వాతావరణం ఏం చేస్తుందో 2009లో సప్నా చెర్యాన్, ఆమె సహచరులు ప్రయోగం చేసి చూపించారు. కంప్యూటర్ సైన్స్ గదిలో స్టార్ ట్రెక్ పోస్టర్లు, వీడియో గేములు ఉంచినప్పుడు అమ్మాయిలకు ఆ చదువు మీద ఆసక్తి తగ్గింది. వాటి బదులు ప్రకృతి దృశ్యాల లాంటి మామూలు వస్తువులు పెట్టినప్పుడు ఆసక్తి పెరిగింది. గోడ మీద పోస్టర్‌కే అంత ప్రభావం ఉంటే, పాఠం మధ్యలో పెట్టిన బొమ్మకు ప్రభావం లేదనడం ఎలా చెల్లుతుంది?

ఆ బొమ్మలోని మోడల్ లెనా ఫోర్సెన్ స్వయంగా 2019లో వచ్చిన ‘లూజింగ్ లెనా’ డాక్యుమెంటరీలో, తాను మోడలింగ్ నుంచి ఎప్పుడో తప్పుకున్నానని, సాంకేతిక రంగం నుంచి కూడా తప్పుకునే సమయం వచ్చిందని చెప్పారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న పత్రాలను స్వీకరించడం మానేసింది. ఇమేజ్ ప్రాసెసింగ్ పరిశోధన ఆగిపోలేదు. సైకిట్-ఇమేజ్ లైబ్రరీలో ఇప్పుడు పరీక్షకు దొరికే రంగుల బొమ్మల్లో ఒకటి ఐలీన్ కాలిన్స్‌ది. స్పేస్ షటిల్‌కు సారథ్యం వహించిన తొలి మహిళ ఆమె. నాసా తీసిన ఆ ఫొటోలోనూ చర్మం, జుట్టు, బట్ట, నీడ అన్నీ ఉన్నాయి.

5. ‘ఇంగ్లిష్, అమెరికా ఉదాహరణలే సరళం’

కొత్తవారి బుర్ర ఎక్కువ మోయలేదన్న వాదనను ఇక్కడ దాన్ని చేసినవారికే తిప్పి చూపాలి. జాన్ స్వెల్లర్ 1988 నుంచి వివరిస్తూ వచ్చిన జ్ఞానభార సిద్ధాంతం వాళ్ల పక్షాన ఉందని అనుకుంటారు. ఆ సిద్ధాంతం ప్రకారమే, పాఠంతో సంబంధం లేని అపరిచిత వివరం అనవసరపు బరువు. అది సరిగ్గా వాళ్ల ఉదాహరణల్లోనే కూర్చుని ఉంది.

కెర్నిగన్, రిచీల 1978 నాటి సీ పుస్తకంలో తొలి ప్రోగ్రాముల్లో ఒకటి ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు మార్చే పట్టిక. అమెరికా విద్యార్థికి అది రోజూ వినే వాతావరణ వార్త. తెలుగు విద్యార్థికి ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినప్పుడు థర్మామీటర్‌లో కనిపించేది మాత్రమే, 300 డిగ్రీల దాకా సాగే పట్టిక ఏ అనుభవానికీ తగలదు. హార్వర్డ్ సీఎస్50 కోర్సులో చిల్లర తిరిగిచ్చే లెక్కకు క్వార్టర్, డైమ్, నికెల్ కావాలి. గ్రీడీ అల్గారిథం అర్థం చేసుకునే ముందు అవి 25, 10, 5 సెంట్లని బట్టీపట్టాలి. పది, ఐదు, రెండు, ఒకటి రూపాయల నాణేలతో అదే పాఠం ఆ బరువు లేకుండా నడుస్తుంది. ఆర్ భాషతో పాటు వచ్చే ‘ఎంటీకార్స్’ 1974 నాటి మోటార్ ట్రెండ్ పత్రికలోని 32 కార్ల వివరాలు. మైలేజీ గాలన్లలో, బరువు వేల పౌండ్లలో, వేగం పావుమైలు పరుగులో. దానిలో అన్యాయమేమీ లేదు, కానీ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడిగే కుర్రాడికి అందులోని ఏ సంఖ్య చూసినా ఎక్కువో తక్కువో తెలియదు. తప్పు అంకె వస్తే పట్టుకునే శక్తి అక్కడే పోతుంది.

పేర్ల సంగతి మరీ తీవ్రం. దాదాపు ప్రతి ఫారం పాఠమూ ‘మొదటి పేరు, చివరి పేరు’ అని రెండు గడులతో మొదలవుతుంది. పాములపర్తి వెంకట నరసింహారావు ఆ గడుల్లో ఎలా ఇముడుతారు? మొదట వచ్చేది ఇంటిపేరు, చివర వచ్చేది ఆయన సొంత పేరులో భాగం. పాస్‌పోర్టులో రెండు పేర్లూ ఒకే గడిలో పడి, ఇచ్చిన పేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చవుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. తర్వాత బ్యాంకులో, ఆఫీసులో అదే వాళ్ల పేరుగా చలామణీ అవుతుంది. పూర్తి పేరుకు ఒకే గడి పెట్టడం నేర్పితే కోడ్ చిన్నదవుతుంది, లోకం పెద్దదవుతుంది.

ఇక అక్షరాలు. స్ట్రింగ్‌ను వెనక్కి తిప్పడం ప్రతి కోర్సులోనూ ఉండే సాధన. ఇంగ్లిష్ పదంతో అది సాఫీగా నడుస్తుంది. ‘తెలుగు’ అన్న పదంతో చేసి చూస్తే సంగతి బయటపడుతుంది. కంటికి మూడు అక్షరాలు. పైథాన్ పొడవు ఆరు అంటుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులు విడి కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. వెనక్కి తిప్పితే రావాల్సింది ‘గులుతె’. వచ్చేది ముందు అనాథగా ఒక కొమ్ము, ఆ తర్వాత ‘గులెత’. ‘తె’లోని ఎత్వం వెళ్లి పక్కనున్న ‘ల’కు అంటుకుంది. ఈ ఒక్క ఉదాహరణతో బైటు, కోడ్ పాయింటు, మనిషి చదివే అక్షరం అనే మూడు వేర్వేరు విషయాలు ఒకే తరగతిలో తేటతెల్లమవుతాయి. ఇంగ్లిష్ పదం ఆ మూడింటినీ ఒకటిగా చూపి విద్యార్థిని తప్పుదోవ పట్టిస్తుంది.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరంలో కంటికి కనబడని ఒక గుర్తు చేరిన కూర్పు ఐఫోన్‌లలో యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ హడావుడిగా 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద సంస్థలోనూ సంయుక్తాక్షరం పరీక్ష దాటి వెళ్లిపోగలిగింది. ఇంగ్లిష్ అక్షరాలతోనే పెరిగిన ప్రోగ్రామర్‌కు ‘జ్ఞ’ అన్నది ఎప్పుడో ఎదురయ్యే వింత. తెలుగువారికి అది రోజూ రాసే అక్షరం. దాన్ని పాఠంలోకి తెచ్చే అవకాశం తెలుగు బోధకులకే అందరికంటే ఎక్కువ. ఇంగ్లిష్ పాఠాన్నే తెలుగు గొంతుతో చదివి వినిపించి వదిలేస్తే ఆ అవకాశం వృథా.

6. ‘ఇన్ని జాగ్రత్తలతో ఎవరూ రాయలేరు’

ఇది చివరి కోట. రచయిత శ్రమ నిజమే, కానీ ఆ శ్రమలో పెద్ద వంతు ఇతరులు ఇప్పటికే పడ్డారు. పాఠంలో ఏ వెబ్ చిరునామా రాయాలో వెతుక్కోనక్కర్లేదు. ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’ను 1999లోనే ఉదాహరణల కోసం కేటాయించి ఉంచారు. ఐపీ చిరునామాలకూ 2010 నుంచి అలాంటి ప్రత్యేక వరుసలున్నాయి. వాటిని వదిలి గుర్తుండే అంకె కదా అని 1.1.1.1 రాసినవాళ్ల వల్ల ఏం జరిగిందో కూడా లోకం చూసింది. ఆ చిరునామాకు వచ్చి పడే చెత్త ట్రాఫిక్‌తో అది ఏళ్లపాటు వాడకానికి రాకుండా పోయింది. 2018లో క్లౌడ్‌ఫ్లేర్ అక్కడ సేవ మొదలుపెట్టినప్పుడు, ఆ అంకెను సొంత అవసరాలకు వాడేసుకున్న పరికరాల వెనక ఉన్నవాళ్లకు అది అందలేదు. 9876543210 అని రాసే ఫోన్ నంబరు కూడా పది అంకెల సరైన రూపంలో ఉన్న నంబరే, ఎవరి జేబులోనైనా మోగవచ్చు.

మెషీన్ లెర్నింగ్ పాఠాల్లో తరచూ కనిపించే ఐరిస్ పూల డేటా బదులు వేరేది కావాలన్నవాళ్ల కోసం 2020లో పామర్ పెంగ్విన్ల డేటా వచ్చింది. అంటార్కిటికాలో మూడు జాతుల 344 పెంగ్విన్ల కొలతలు, మధ్యలో కొన్ని ఖాళీలతో సహా. 1936లో ఫిషర్ యూజెనిక్స్ పత్రికలో అచ్చు వేసిన 150 పూల పట్టికలో ఖాళీలు లేవు కాబట్టి, నిజ జీవితంలో రోజూ ఎదురయ్యే ఆ సమస్యను నేర్పడానికి పెంగ్విన్లే మెరుగు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించనివారికి కూడా చదవగలిగే రంగుల పట్టీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో 2017 నుంచి దానంతటదే వస్తుంది. దాన్ని పక్కన పెట్టి పాత ఇంద్రధనుస్సు రంగులు తెచ్చుకోవడానికే అదనపు వరుస రాయాలి.

జాగ్రత్త పడితే పాఠం చప్పబడుతుందన్న భయానికీ ఆధారం లేదు. జార్జియా టెక్‌లో మార్క్ గజ్డియల్ 2003లో కళలు, వాణిజ్యం విద్యార్థుల కోసం ఫొటోలు, ధ్వనులు మార్చే ఉదాహరణలతో ప్రోగ్రామింగ్ కోర్సు మొదలుపెట్టారు. మధ్యలో మానేసేవారు, తప్పేవారు గణనీయంగా తగ్గారు. వాళ్లు అంతకుముందుకంటే ఎక్కువ నేర్చుకున్నారని రుజువు కాలేదని ఆయనే చెప్పారు. ఆ మాటను దాచనక్కర్లేదు. తరగతిలో మిగిలినవాడికే పాఠం అందుతుంది, ఉదాహరణ మారితే మిగిలేవాళ్లు మారారు.

ఆరు వాదనల్లోనూ ఒకే పగులు ఉంది. ఉదాహరణకు ప్రభావం లేదని చెప్పేవాళ్లే, మంచి ఉదాహరణ దొరికితే పాఠం సగం చెప్పినట్టే అని కూడా అంటారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. లూప్‌ను మనసుకు హత్తించే శక్తి ఉదాహరణకు ఉంటే, అందులో ఉన్న లోపాన్నీ, అవమానాన్నీ, విస్మరణనూ హత్తించే శక్తి కూడా దానికే ఉంటుంది. కోడ్ పని చేయకపోతే రచయిత సరిదిద్దుతాడు. ఆ కోడ్‌లో కనిపించే మనుషుల విషయంలోనూ అదే బాధ్యత అతనిది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబ్ మాన్యువళ్లు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్, యూట్యూబ్‌లో లక్షలమంది చూసే తెలుగు పాఠాలు ఈ పనికి మొదటి చోట్లు. విద్యార్థి ల్యాబ్ రికార్డులో అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసేది అందులో ఉన్నదే. ఎస్‌క్యూఎల్ ప్రయోగంలో అతికించిన ప్రశ్నల స్థానంలో విలువను విడిగా పంపే పద్ధతి రావాలి. హెచ్‌టీఎంఎల్ ప్రయోగంలో ప్రతి బొమ్మకూ వర్ణన, ప్రతి గడికీ లేబుల్ ఉంటేనే మార్కులు పడాలి. స్ట్రింగ్ ప్రయోగాల్లో ఒక్కటైనా తెలుగు పదంతో ఉండాలి. మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో డేటా ఎవరు, ఎప్పుడు, ఎందుకు సేకరించారో మొదటి పేజీలో రాయించాలి. వచ్చే విద్యా సంవత్సరానికి సిలబస్ కమిటీలు కొత్త మాన్యువల్ అచ్చు వేసే ముందు ఈ నాలుగు మార్పులూ చేయాలి.